వేసవిలో దల్మా కొండ దారి: బాగ్‌బేరా నుంచి బయలుదేరేవారు తెలుసుకోవలసిన విషయాలు

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌కు ఉత్తరాన గోడలా నిలిచిన కొండల వరుస పేరు దల్మా. నగరానికి దక్షిణపు కొసన, టాటానగర్ రైల్వే స్టేషన్‌ను ఆనుకొని ఉన్న బాగ్‌బేరా వాసులకు అతి చేరువలో ఉన్న వేసవి విడిది ఇదే. ఉక్కు కర్మాగారంలోను, రైల్వేలోను పనుల కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో తరతరాలుగా నివసిస్తున్నాయి. ఎండలు ముదిరితే మనుషులు ఈ కొండ ఎక్కుతారు. అదే ఎండకు ఏనుగులు కూడా కొండ మీది నీటి వద్దకు చేరతాయి. దల్మా ప్రయాణానికి సిద్ధమయ్యేవారు మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

మార్గం

బాగ్‌బేరా నుంచి జుగ్‌సలాయి, బిష్టుపూర్, సాక్చీల మీదుగా నగరాన్ని దాటి, మాంగో వంతెనపై సువర్ణరేఖ నదిని దాటాలి. అక్కడి నుంచి రాంచీ వైపు సాగే జాతీయ రహదారిని అందుకోవాలి. దీనిని స్థానికులు నేటికీ పాత సంఖ్యతో 33వ నంబరు రహదారి అనే పిలుస్తారు. ఈ మార్గంలో మకులాకోచా వద్ద అభయారణ్య ప్రవేశద్వారం ఉంది. రుసుము చెల్లించి లోపలికి వెళితే మలుపులు తిరుగుతూ సాగే కొండ దారి మొదలవుతుంది. శిఖరం మీద శివాలయం ఉంది.

శిఖరం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగులు. నగరంతో పోలిస్తే అది దాదాపు 750 మీటర్లు ఎక్కువ. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుంది. ఆ లెక్కన నగరంలో 42 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు శిఖరం మీద నాలుగైదు డిగ్రీలు తక్కువగా ఉంటుంది. ఈ కొండలు వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన ప్రాచీన అగ్నిపర్వత శిలలతో ఏర్పడ్డాయి.

ఏనుగుల వేసవి

దల్మా అభయారణ్యం 1970వ దశకంలో ఏర్పడింది. సుమారు 193 చదరపు కిలోమీటర్ల ఈ అడవి తూర్పు సింగ్‌భూమ్, సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాలలో విస్తరించి ఉంది. 2001లో దేశంలోనే తొలి ఏనుగుల సంరక్షణ క్షేత్రంగా సింగ్‌భూమ్‌ను ప్రకటించారు. 2012లో దల్మా చుట్టుపక్కల ప్రాంతాన్ని పర్యావరణ సున్నిత మండలంగా గుర్తించారు.

వరి పంట ఎదిగే కాలంలో ఇక్కడి ఏనుగుల గుంపులు పశ్చిమ బెంగాల్‌లోని బంకుర, మేదినీపూర్ ప్రాంతాలకు తరలిపోతాయి. 1980ల చివరి భాగం నుంచి ఈ వలస సాగుతోంది. తిరిగి వచ్చిన గుంపులు వేసవిలో అడవిలోని చెరువుల చుట్టూ మసలుతాయి. ఈ చెరువులను స్థానికంగా బాంధ్ అంటారు. మఝ్‌లా బాంధ్ అంటే నడిమి చెరువు, నిచ్‌లా బాంధ్ అంటే దిగువ చెరువు. పెద్ద ఏనుగుకు రోజుకు వంద లీటర్లకు పైగా నీరు కావాలి. చెరువు దారిలో వాహనం అడ్డుపడితే దాహంతో వచ్చిన గుంపు, ముఖ్యంగా పిల్లలున్న తల్లి ఏనుగు, బెదిరి ఎదురు తిరిగే ప్రమాదం ఉంది. ఒడిశా నుంచి వచ్చిన ఏనుగుల గుంపులతో పార్వతీపురం మన్యం ప్రాంత రైతులు పడిన బాధలు తెలిసిన తెలుగువారికి ఈ హెచ్చరికను ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

పాటించవలసిన జాగ్రత్తలు

• ఉదయాన్నే బయలుదేరి, చీకటి పడకముందే కొండ దిగాలి. ఏనుగులు సాయంత్రం నుంచి ఎక్కువగా కదులుతాయి.

• ఏనుగు కనిపిస్తే దూరంగానే వాహనం ఆపాలి. హారన్ మోగించరాదు, వాహనం దిగరాదు, ఫొటోల కోసం దగ్గరకు వెళ్లరాదు. గుంపులో చివరి ఏనుగు కూడా దారి దాటాకే కదలాలి.

• చెవులు విప్పి, ముఖం ఇటు తిప్పి కదలకుండా నిలబడిందంటే అది హెచ్చరిక. నెమ్మదిగా వెనక్కు తగ్గాలి.

• సాల, ఇప్ప, తునికి చెట్ల ఎండుటాకులు నేలంతా పరుచుకొని ఉంటాయి. ఆర్పని ఒక్క బీడీ ముక్క చాలు, అడవి అంటుకోవడానికి. అడవిలో పొయ్యి వెలిగించరాదు.

• దిగేటప్పుడు వాహనాన్ని తక్కువ గేరులో నడపాలి. అదే పనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది.

• తాగునీరు ఇంటి నుంచే తీసుకువెళ్లాలి. ఖాళీ సీసాలు, తిండి సంచులు వెనక్కు తేవాలి.

ఏటా వేసవిలో ఆదివాసులు దల్మాపై సెంద్రా అనే సంప్రదాయ వేట పండుగ జరుపుకొంటారు. ఆ రోజుల్లో అటవీశాఖ నిఘా, తనిఖీలు పెరుగుతాయి. అందువల్ల పర్యాటకులు ముందుగా ప్రవేశ వివరాలు కనుక్కోవడం మంచిది.

ఇంకా ముందుకు

సెలవు ఎక్కువ ఉన్నవారు అదే రహదారిపై రాంచీ దిశగా సాగవచ్చు. జంషెడ్‌పూర్ నుంచి రాంచీ సుమారు 130 కిలోమీటర్లు. రాంచీ చేరేలోపు, తైమారా పరిసరాలలో కాంచీ నదిపై దశమ్ జలపాతం ఉంది. వేసవిలో ధార సన్నబడినా దిగువన నీరు లోతుగానే ఉంటుంది కాబట్టి అందులోకి దిగరాదు. రాంచీకి పడమరగా మరో 150 కిలోమీటర్లు వెళితే, మూడున్నర వేల అడుగులకు పైబడిన ఎత్తున నేతర్‌హాట్ పీఠభూమి వస్తుంది. అక్కడి సూర్యోదయ, సూర్యాస్తమయ దృశ్యాలు ప్రసిద్ధం.

ఒక్క రోజే వీలున్నవారికి దల్మా చాలు. అయితే అక్కడ మనుషులు ఒక పూట అతిథులు మాత్రమే. వేసవి గడవడానికి ఏనుగులకు ఉన్న ఆధారం ఆ కొన్ని చెరువులే.