బెంజీన్: విషం తయారయ్యేది శరీరంలోనే

టర్కీకి చెందిన రక్తవ్యాధుల నిపుణుడు ముజఫ్ఫర్ అక్సోయ్ బృందం 1974లో ఒక పరిశీలనను ప్రచురించింది. ఇస్తాంబుల్‌లో బూట్లు, చెప్పులు తయారుచేసే సుమారు 28,500 మంది కార్మికుల్లో 26 మందికి తీవ్ర ల్యుకేమియా (రక్త క్యాన్సర్) గానీ, దాని ముందుదశ గానీ కనిపించింది. వాళ్లంతా జిగురులోని బెంజీన్ ఆవిరిని దీర్ఘకాలం పీల్చినవాళ్లు. ఆస్పత్రికి చేరిన కేసులపై ఆధారపడిన లెక్క కాబట్టి దీన్ని కచ్చితమైన ముప్పు అంచనాగా తీసుకోలేం. కానీ అది లేవనెత్తిన ప్రశ్న బలమైనది. ముక్కు ద్వారా లోపలికి వెళ్లిన ఆవిరి ఎముకల్లోని మూలుగను ఎలా దెబ్బతీసింది?

కాలేయంలో మొదలు

బెంజీన్ కొవ్వులో తేలిగ్గా కలుస్తుంది, నీటిలో అంతగా కరగదు. మూత్రంలో బయటికి పంపాలంటే శరీరం దాని రూపం మార్చాలి. కాలేయంలోని సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ దానికి ఆక్సిజన్‌ను జోడించి బెంజీన్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. అక్కడినుంచి దారులు చీలతాయి. ఎక్కువ భాగం ఫినాల్‌గా, అందులో కొంత హైడ్రోక్వినోన్, కాటెకాల్‌గా మారుతుంది. కొంత గ్లూటథయోన్‌తో కలిసి నిరపాయంగా బయటికి పోతుంది. మరికొంతలో బెంజీన్ వలయమే తెరుచుకుని మ్యూకొనాల్డిహైడ్ అనే చురుకైన పదార్థం పుడుతుంది.

ఈ మార్పే హానికి మూలమనడానికి జంతు ప్రయోగాల్లో గట్టి ఆధారం ఉంది. సీవైపీ2ఈ1 జన్యువును తొలగించిన చిట్టెలుకల చేత 200 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 200 భాగాలు) బెంజీన్ ఆవిరిని పీల్పించినప్పుడు, మామూలు చిట్టెలుకల్లో కనిపించిన రక్తకణాల నష్టం వాటిలో కనిపించలేదని 1996లో వెల్లడైంది.

మూలుగలో దెబ్బ

రక్తంతో పాటు మూలుగకు చేరిన హైడ్రోక్వినోన్‌ను అక్కడి మైలోపెరాక్సిడేజ్ ఎంజైమ్ బెంజోక్వినోన్‌గా మారుస్తుంది. అది ప్రోటీన్లకు అతుక్కుంటుంది. డీఎన్ఏ మెలికలు విప్పే టోపోఐసోమరేజ్-2 పనిని అడ్డుకుంటుంది. క్వినోన్లు రూపాలు మారే క్రమంలో చురుకైన ఆక్సిజన్ అణువులు పుట్టి డీఎన్ఏను గాయపరుస్తాయి. ఆ నష్టం రక్త మూలకణాల్లో జరిగి, సరిగా మరమ్మతు కాకపోతే క్రోమోజోముల మార్పులుగా మిగిలిపోతుంది. ఇవన్నీ ఒకేసారి పనిచేస్తున్నట్టు కనిపిస్తోంది. ల్యుకేమియాకు ఏది ఎంతవరకు కారణమన్నది ఇంకా తేలలేదు.

క్వినోన్లను నిర్వీర్యం చేసే ఎన్‌క్యూఓ1 అనే ఎంజైమ్ కూడా మనలో ఉంది. అయితే అందరిలోనూ అది సమానంగా పనిచేయదు. షాంఘై కార్మికులపై 1997లో వెలువడిన అధ్యయనంలో, సీవైపీ2ఈ1 చురుగ్గా ఉండి ఎన్‌క్యూఓ1 పనిచేయని వారికి బెంజీన్ విషప్రభావం ముప్పు 7.6 రెట్లు ఎక్కువగా తేలింది. పోలిక, ఈ రెండు లక్షణాలూ లేనివారితో.

తక్కువ మోతాదులో

2004లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన, చైనాలోని తియాన్‌జిన్ అధ్యయనం 250 మంది పాదరక్షల కార్మికులను, బెంజీన్ సోకని 140 మందితో పోల్చింది. 1 పీపీఎం కన్నా తక్కువ బెంజీన్ పీల్చినవారిలోనూ తెల్ల రక్తకణాలు తగ్గాయి. అమెరికాలో 1987 నుంచి ఎనిమిది గంటల పనికి సగటు పరిమితి 1 పీపీఎమే కనుక ఈ ఫలితానికి ప్రాధాన్యం ఉంది. అయితే కణాలు తగ్గడం క్యాన్సర్ కాదు; ఒక కాలంలో జరిగిన పోలిక ఆ కార్మికుల భవిష్యత్తును చెప్పదు.

పెద్దల్లో తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియాకు బెంజీన్ కారణమనడానికి తగిన ఆధారాలున్నాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. మైలోమా వంటి మరికొన్ని వ్యాధుల విషయంలో ఆధారాలు పరిమితమని 2018లో పేర్కొంది. చిట్టెలుకల్లో బెంజీన్ ఇన్సులిన్ పనితీరును మందగింపజేసినట్టు ఇటీవలి ప్రయోగాలు చూపాయి. దీని ఆధారంగా మనుషుల్లో మధుమేహానికి బెంజీనే కారణమనడం తొందరపాటు.

మనకు దీనితో పని

పెట్రోలులో బెంజీన్ 1 శాతం మించకూడదని, బయటి గాలిలో ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. విశాఖ రిఫైనరీలో, ఉక్కు కర్మాగారపు కోక్ ఓవెన్ల దగ్గర, ప్రతి ఊళ్లోని పెట్రోలు బంకులో పనిచేసేవారికి ఇవి దూరపు అంకెలు కావు. బెంజీన్ నుంచి శరీరంలో పుట్టే ఫినైల్‌మెర్కాప్చురిక్ ఆమ్లాన్ని మూత్రంలో కొలిస్తే ఇటీవల బెంజీన్ ఎంత సోకిందో తెలుస్తుంది. పొగతాగేవారిలో అది సహజంగానే పెరుగుతుంది కనుక ఆ సంగతి అడిగి తెలుసుకోకుండా ఫలితాన్ని చదవకూడదు.

జన్యువుల్లో తేడాలున్నాయి కాబట్టి తట్టుకోగలవారిని ఏరి పనిలో పెట్టుకోవచ్చని ఎవరికైనా అనిపించవచ్చు. ఆధారాలు అటు చూపడం లేదు. విషాన్ని తయారుచేసే ఎంజైమ్ ప్రతి ఒక్కరి కాలేయంలోనూ ఉంది. దాన్ని పనిమానమని చెప్పలేం. ఆవిరిని మాత్రం పెట్రోలు గొట్టం దగ్గరే పట్టి ఆపవచ్చు. బంకులో రోజంతా నిలబడి పెట్రోలు కొట్టే మనిషికి మనం బాకీ ఉన్న రక్షణ అదే.