రాగిరేకుపై భిక్షుకులు



మన పూర్వరాజులు తాము చేసిన దానములను రాగిరేకులపై చెక్కించి శాశ్వతము గావించిరి. పదునేడవ శతాబ్దిలో హాలెండు దేశపు చిత్రకారు డొకడు ఆ రాగిపైననే దానమడుగు బిచ్చగాండ్రను నిలిపెను. ఆతని పేరు రెంబ్రాంటు. 1606 లో లైడెను నగరమున పిండిమర నడపువాని యింట జన్మించి, 1669 లో ఆమ్‌స్టర్‌డాములో మరణించెను. ఆతని రాగిరేకు చిత్రములు సుమారు 300 గలవు.

ఈ విద్యను ఎచింగ్ అందురు. రాగిరేకుపై మైనపుపూత పూసి, దానిపై సూదితో బొమ్మ గీయుదురు. గీసినచోట రాగి బయల్పడును. రేకును ద్రావకములో నుంచగా, అది యా గీతలమేర మాత్రమే రాగిని తినును. పిదప పూతను తొలగించి, ఆ పల్లములలో సిరా నింపి, తడికాగితముతో యంత్రమున నొత్తినచో, చిత్రము కుడియెడమలు మారి కాగితమున కెక్కును. మైనముపై సూది కలమువలె తేలికగా నడచును. అందుచే చేతి వేగమును, మనసులోని జాలియు గీతలో నిలిచిపోవును.

1648 లో ఆతడు చేసిన యొక చిత్రమును తలంపుడు. వాకిట బిచ్చగాండ్ర కుటుంబము. తల్లి వీపున పసిబిడ్డ. గడపలోని వృద్ధుడు ఆమె చేతిలో నాణెము నుంచుచున్నాడు. రంగు లేదు, ఆడంబరము లేదు. ఆ రెండు చేతులు కలిసినచోటనే మన చూపు నిలుచును. బీదలను చూచి నవ్వించుటకై ఈ చిత్రము గీయబడలేదు.

కలముతో గీసిన మరియొక చిత్రము లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నది. నడక నేర్చు శిశువును ఇద్దరు స్త్రీలు చెరియొకవైపున పట్టుకొనిరి. ఎదుట నొక పురుషుడు గొంతుకూర్చుండి చేతులు చాచినాడు. ముఖములకు నాలుగు గీతలే. అయినను, బిడ్డ పడునేమో యను ఆదుర్దా వంగిన వీపులలోనే కానవచ్చును.

1656 లో ఆ మహానుభావుడు అప్పులపాలై దివాలా తీసెను. కూడబెట్టిన చిత్రములు వేలమునకు పోయెను. 1658 లో ఇల్లును అమ్ముడుపోయెను. దాత గడపను గీసినవాడు తన గడపను కోల్పోయెను. గీత మాత్ర మాతని విడువలేదు. పిమ్మటను గీయుచునే యుండెను.

నేను బడిపంతులుగా నున్న దినములలో, లెక్క విడిచి పలకపై బొమ్మ గీసిన బాలుర చెవులు మెలిపెట్టితిని. ఆ బొమ్మ యేమో యొక్కనాడైనను చూడనైతిని. అయ్యలారా, మీ మనుమడు పలకపై గీత గీసినప్పుడు, తుడిచివేయుటకు ముందు ఒక్కమారు చూడుడు.