అప్పు లెక్క, ఖాతా లెక్క

1951–52లో భారతదేశపు రైతుకు అందిన అప్పులో వాణిజ్య బ్యాంకుల వాటా 0.9 శాతమేనని 1954లో వెలువడిన ఒక నివేదిక తేల్చింది. బంధువులు ఇచ్చినదే 14.2 శాతం కాగా బ్యాంకులు, సహకార సంఘాలు, ప్రభుత్వం మూడూ కలిసి ఇచ్చినది దానిలో దాదాపు సగమే. బ్యాంకులు, బీమా, పొదుపు సామాన్యులకు ఏ మేరకు చేరువయ్యాయో చెప్పే ‘ఆర్థిక సేవల అందుబాటు’ అనే మాట వాడుకలోకి రాకముందే, దాని అసలు కొలత ఆ నివేదికలోని పట్టికలో సిద్ధమై ఉంది.

అంతకు ముందు లెక్కలు గంపగుత్త అంచనాలు. కోస్తా, రాయలసీమలు కలిసిన మద్రాసు రాష్ట్రపు గ్రామీణ రుణాన్ని 1895లో ఫ్రెడరిక్ నికల్సన్ 45 కోట్ల రూపాయలుగా లెక్కగట్టగా, 1930 నాటి మద్రాసు బ్యాంకింగ్ విచారణ సంఘం దానిని 150 కోట్లకు చేర్చింది. ఎంత బాకీ ఉందో తెలిసింది గాని, ఎవరికి బాకీపడ్డారో ఇంటింటా అడిగి రాసిన లెక్క కాదది.

ఆ ప్రశ్నకు జవాబు వెదికినది 1954 నాటి ఆ నివేదికకు మూలమైన, రిజర్వు బ్యాంకు చేపట్టిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే. ఎ.డి. గోర్వాలా అధ్యక్షుడుగా, డి.ఆర్. గాడ్గిల్, బి. వెంకటప్పయ్య, ఎన్.ఎస్.ఆర్. శాస్త్రి సభ్యులుగా ఉన్న సంఘం ఆధ్వర్యంలో 75 జిల్లాల్లోని 600 గ్రామాల్లో 1,27,343 కుటుంబాల వివరాలు సేకరించారు. వడ్డీకి తిప్పడమే వృత్తిగా గలవారి వాటా 44.8 శాతమనీ, వ్యవసాయం చేస్తూనే అప్పులిచ్చే మోతుబరులది 24.9 శాతమనీ వేరువేరుగా తేల్చడం ఆ పట్టికలోని గొప్పతనం. ప్రోనోటు రాయించుకునే షావుకారునూ, పొలం గట్టు పంచుకునే పెద్దరైతునూ ఒకే గాటన కట్టలేదు. గోర్వాలా సంఘం సిఫారసు మేరకే 1955 జూలై 1న ఇంపీరియల్ బ్యాంకు భారతీయ స్టేట్ బ్యాంకుగా మారింది. ఒక కొలత ఇంత త్వరగా ఒక సంస్థకు జన్మనివ్వడం అరుదు.

1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ జరిగింది. తరువాతి దశాబ్దాల్లో శాఖల సంఖ్యే ప్రగతికి గుర్తయింది. 2011లో ప్రపంచ బ్యాంకు గ్లోబల్ ఫిండెక్స్ సర్వేను ఆరంభించాక, వయోజనుల్లో ఖాతా గలవారెందరన్నదే దేశదేశాల కొలమానమై కూర్చుంది. భారతదేశంలో అది 2011లో 35 శాతం, జనధన్ యోజన తరువాత 2017లో 80 శాతం. అయితే ఆ ఏడాది ఖాతాదారుల్లో 48 శాతం మంది అంతకు ముందు పన్నెండు నెలల్లో ఒక్క జమ గాని, ఒక్క విత్‌డ్రాయల్ గాని చేయలేదు. ఫిండెక్స్ అప్పుల గురించీ అడుగుతుంది, జాతీయ నమూనా సర్వే ఆ పని నేటికీ చేస్తోంది. అయినా పతాక శీర్షికలకెక్కేది ఖాతాల శాతమే గనుక, అప్పిచ్చినవాడు జనం దృష్టి నుంచి తప్పుకున్నాడు. ఇది చిన్న నష్టం కాదు: 2003లో అదే జాతీయ నమూనా సర్వే నాటి ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 82 శాతం అప్పుల్లో ఉన్నాయని, రాష్ట్రాలన్నిటిలోనూ అదే అత్యధికమని చూపింది. ఖాతాల లెక్క ఒక్కటే చూసేవారికి ఆ బాధ అందదు.

పోయినదాన్ని కొంత తిరిగి రాబట్టినవి ‘ఆర్థిక దినచర్యలు’, అంటే పరిశోధకులు పక్షానికోసారి ఇంటికి వెళ్లి ఏడాది పొడవునా రాసుకున్న జమాఖర్చులు. బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాల్లో ఇలా పరిశీలించిన 250కి పైగా పేద కుటుంబాల్లో చేబదులు, చీటీలు, ఇరుగుపొరుగు దగ్గర దాచుకున్న సొమ్ము వంటి కనీసం నాలుగు రకాల ఏర్పాట్లు వాడని ఇల్లు ఒక్కటీ లేదు.