మిరపకాయ రాకముందు విందు

మొన్న మే నెలాఖరుకి మా వారు రిటైరయ్యారు. ఆ ఆదివారం రాత్రి దగ్గరివాళ్ళని పన్నెండు మందిని భోజనానికి పిలుద్దామనుకున్నాం. వంటకాల పేర్లు రాసుకునే ముందు వచ్చేవాళ్ళ పేర్లు రాసుకోవడం నాకు అలవాటు. ఒక్కో పేరు పక్కన వాళ్ళకి పడనివి రాస్తూ పోతే, పన్నెండు మందిలో నలుగురికి గుండెల్లో మంట అని తేలింది. అందులో మా వదిన ఒకరు.

వదినంటే మా వారి అక్కయ్య. మూడేళ్ళ క్రితం ఉగాదికి మా ఇంటికొచ్చి, వడ్డించినవన్నీ మాట్లాడకుండా తిని, ఆ రాత్రంతా మంచం మీద కూర్చునే తెల్లవార్చింది. పొద్దున్నే తీసుకెళ్ళి ఈసీజీ తీయించాం. గుండె జబ్బు కాదని డాక్టరు చెప్పాక ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆవిడ అప్పట్నించీ మా ఇంట్లో భోజనానికి కూర్చోలేదు. ఎప్పుడొచ్చినా "తినేసే వచ్చానే" అంటుంది.

ఆ మాట వెనక ఏముందో ఓసారి తనే చెప్పింది. ఏదో పెళ్ళిలో బంతిలో కూర్చుంటే, అందరికీ అన్నీ వడ్డించి, తనకి మాత్రం చిన్న గిన్నెలో పెరుగన్నం తెచ్చి, "పాపం, మీకివేవీ పడవు కదండీ" అన్నారట. బంతి బంతంతా తలతిప్పి చూసిందట. "మంటైనా ఓర్చుకోవచ్చు గానీ ఆ చూపులు ఓర్చుకోలేనే" అంది.

అందుకని ఈసారి ఎవరికీ వేరే గిన్నె పెట్టకూడదనుకున్నాను. అందరికీ ఒకటే వంట, అందులో పచ్చిమిర్చి, ఎండుమిర్చి, కారప్పొడి ఏవీ ఉండవు. ఈ మాట మా అత్తయ్యతో చెప్పాను. మాది గుంటూరు. పైగా మే నెల, కొత్తావకాయ జాడీకి మూత తీసి వారం కూడా కాలేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "శుభమా అని వాడు రిటైరైతే, మిరియం వేసి వండటానికి ఇదేమన్నా తద్దినమా?" అంది.

నొచ్చుకున్నాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే, మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్ళలో తద్దినం వంటకి మిరపకాయ ముట్టరు. కారానికి మిరియం, జీలకర్ర. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ కూడా పనికిరావు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు అలా పెట్టారంటారు. అసలు కారణం సముద్రానికి అవతల ఉంది.

మిరప మొక్క పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అక్కడ అడుగుపెట్టేదాకా మన వైపు దాని పేరు తెలిసినవాళ్ళు లేరు. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాడు, 1510లో పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నారు. వాళ్ళ ఓడల మీదే మిరప మన పడమటి తీరంలో దిగింది. టమాటా, బంగాళాదుంప కూడా ఆ ఖండానివే. మనం తియ్యగా పులుసు పెట్టుకునే గుమ్మడికాయా అక్కడిదే. మన పాత గుమ్మడి బూడిద గుమ్మడి.

పేర్లలో కూడా ఈ సంగతి దాగుంది. తమిళంలో మిరియం మిళగు, మిరపకాయ మిళగాయ్. కన్నడంలో మిరియం మెణసు, మిరపకాయ మెణసినకాయి. మన మిరపకీ మిరియానికీ కూడా చుట్టరికమే. కొత్తగా పుట్టిన మనవరాలికి నానమ్మ పేరు పెట్టుకున్నట్టు, కొత్తగా వచ్చిన కాయకి పాత కారం పేరు పెట్టుకున్నారు. తరవాత మనవరాలు ఇల్లంతా ఏలుకుంది, నానమ్మ తద్దినం వంటలోనూ జలుబు చేసినప్పటి చారులోనూ మిగిలింది. పూజలూ పితృకార్యాలూ తొందరగా మారవు కాబట్టి అక్కడ పాత వంటిల్లు అలాగే ఉండిపోయింది.

మరి పాత రోజుల్లో శుభకార్యాలకి, అతిథులకి ఏం పెట్టేవారు? డిగ్రీలో చదివిన ఆముక్తమాల్యద గుర్తొచ్చింది. 1509 నుంచి 1529 దాకా రాజ్యం చేసిన కృష్ణదేవరాయల కావ్యం. అందులో శ్రీవిల్లిపుత్తూరులోని విష్ణుచిత్తుడు ఇంటికొచ్చిన వైష్ణవులకి ఏ ఋతువులో ఏం వడ్డించాడో రాయలు వరసగా చెప్తాడు. వానాకాలం సన్నబియ్యపు అన్నం, పప్పు, నాలుగైదు పోపు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు. చలికాలం మిరియపు పొడి తగిలిన వేడివేడి కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్ళు, కాగిన పాలు. ఎండాకాలం గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పల్చటి మజ్జిగ, చెరుకురసం, కొబ్బరినీళ్ళు. ఇన్నింటిలో ఒక్క మిరపకాయ లేదు. అది పత్యమూ కాదు, తద్దినమూ కాదు, మనస్ఫూర్తిగా పెట్టిన అతిథి భోజనం.

అలాగని పాతదంతా చల్లనిదని నేననను. ఆ ఆవ పచ్చళ్ళు తింటే వదిన ఆ రాత్రీ కూర్చునే ఉండేది. మిరప రాక ముందే, వెయ్యేళ్ళు దాటిన మాధవ నిదానం అనే వైద్య గ్రంథంలో అమ్లపిత్తం గురించి ఒక అధ్యాయమే ఉంది. అంటే పుల్లటి తేన్పులూ మంటా అప్పుడూ ఉన్నాయి. కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నితే మంట. కడుపు నిండుగా తిన్నా, నూనె ఎక్కువైనా, తిన్న వెంటనే పడుకున్నా అది ఎగదన్నుతుంది. అసలు కారం రుచే కాదు, నొప్పి. ఒంట్లో వేడిని కనిపెట్టే తలుపునే మిరపలోని కారం కూడా తడుతుందని డేవిడ్ జూలియస్ 1997లో చూపించాడు. 2021లో నోబెల్ బహుమతి అందుకున్న ఇద్దరిలో ఆయనొకడు.

రాయల దగ్గర నేను నేర్చుకున్నది వంటకాలకన్నా, కాలాన్నీ తినేవాళ్ళనీ చూసి వడ్డించే పద్ధతి. అలా నా చీటీ తయారైంది. రాగానే కొబ్బరినీళ్ళు. సొరకాయ పెసరపప్పు, పొట్లకాయ పాలు పోసిన కూర, బీరకాయ కొబ్బరి కూర, పులవని పెరుగుతో బూడిద గుమ్మడి మజ్జిగపులుసు. అప్పడాలు వేయించకుండా నిప్పుల మీద కాల్చినవి. బెల్లం పరమాన్నం చిన్న గిన్నెల్లో. పుదీనా కడుపు పైనుండే మూతని వదులు చేస్తుందట, అందుకని పుదీనా పచ్చడి వద్దనుకున్నాను. భోజనాలయ్యాక కాఫీ కూడా లేదు.

ఏడింటికల్లా వడ్డించేశాను. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని బలవంతపు వడ్డనలు చేయొద్దని మా వారికి ముందే చెప్పాను. మన మర్యాదల్లో ఎక్కువ మంట పెట్టేది అదేనేమో! ఎనిమిదికి తినడం అయ్యాక పదిన్నర దాకా అందరం డాబా మీద కబుర్లు.

ఆవకాయ మాత్రం దాచలేదు. కారం కావలసినవాళ్ళ కోసం ఓ పక్కన వేరే గిన్నెలో పెట్టాను. ఈసారి వేరే గిన్నె వాళ్ళది.

వదిన బంతిలో మా ఆడపడుచుల మధ్య కూర్చుంది. ఎవరూ తన విస్తరి వైపు చూడలేదు, అందరి విస్తట్లోనూ అవే ఉన్నాయి కదా. పొట్లకాయ కూర మారు అడిగింది. మూడేళ్ళలో ఆవిడ మా ఇంట్లో అన్నం తినడం అదే మొదటిసారి. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, "హాయిగా నిద్రపోయానే" అంది. వంట బాగుందన్న మాట చాలాసార్లు విన్నాను గానీ, ఇంత సంతోషం ఎప్పుడూ వేయలేదు.

మా అత్తయ్యా? ఆవిడ ఆవకాయ గిన్నె తన పక్కనే పెట్టుకుంది లెండి. కానీ పక్కింటి పిన్నిగారు "ఏమిటండీ, కారమే లేదు" అంటే మాత్రం నన్ను మాట్లాడనివ్వకుండా, "రాయలవారి కాలం నాటి విందమ్మా ఇది, మీకు తెలియదు" అంది.