లిఫ్ట్‌గేట్ బాహ్య ట్రిమ్ మార్పిడి

లిఫ్ట్‌గేట్ బాహ్య ట్రిమ్ మార్పిడి అనగా ఎస్‌యూవీ తరగతి వాహనాల వెనుకవైపున పైకి లేచే తలుపుకు వెలుపల అమర్చిన ప్లాస్టిక్ పలకలు, క్రోమ్ పట్టీలు, చిహ్నాలు మొదలగువాటిని తొలగించి క్రొత్తవి బిగించుట. తెలుగు ప్రాంతాలలో ఈ తలుపును సాధారణంగా డిక్కీ తలుపు అని, నంబరు ప్లేటుకు పైన అడ్డంగా ఉండే పట్టీని డిక్కీ గార్నిష్ అని వ్యవహరిస్తారు. ఈ భాగాలు వాహనపు బరువును మోయవు. అందువలన ఇవి కేవలం అలంకారమని అనేకుల అభిప్రాయం. అయితే తలుపు రేకులో ఉన్న పలు రంధ్రాలను కప్పి ఉంచేవి ఇవే కనుక, మార్పిడి సరిగా జరగనిచో నీరు, ధూళి, ఒక్కొక్కప్పుడు పొగగొట్టపు వాయువులు సైతం లోనికి ప్రవేశించగలవు.

నిర్మాణం

ట్రిమ్ పలకలను ఎక్కువగా ఏబీఎస్ లేదా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్కుతో తయారు చేస్తారు. వాటిని తలుపుకు పట్టి ఉంచే సాధనాలు ప్రధానంగా మూడు: రేకులోని రంధ్రాలలో నొక్కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పులు, పలక వెనుక ఉండే మరమేకులకు లోపలివైపు నుండి బిగించే నట్లు, రెండువైపులా అంటుకొను ఆక్రిలిక్ ఫోమ్ టేపు. ఒకే పలకకు ఈ మూడూ ఉండుట అరుదు కాదు. గార్నిష్ లోపల నంబరు ప్లేటు దీపాలు, తలుపు తెరిచే మీట, వెనుకచూపు కెమెరా కూడా ఇమిడి ఉండవచ్చును.

పగుళ్ళకు కారణాలు

చిన్నపాటి ఢీకొనుట, తలుపును బలంగా మూయుట, నట్లను అతిగా బిగించుట అందరికీ తెలిసిన కారణాలు. అంతగా గమనించని కారణం ఉష్ణ వ్యాకోచం. ఏబీఎస్ ప్లాస్టిక్ ఉక్కు కంటే సుమారు ఆరేడు రెట్లు అధికంగా వ్యాకోచిస్తుంది. 1.2 మీటర్ల పొడవు గల పలక ఉష్ణోగ్రతలో 50 డిగ్రీల సెల్సియస్ మార్పు వచ్చినపుడు దాని పొడవు దాదాపు 5 మిల్లీమీటర్లు మారుతుంది. వెనుకనున్న ఉక్కు రేకు మాత్రం ఒక మిల్లీమీటరు కూడా మారదు. ఈ తేడాను సర్దుటకే పలకలోని ఒక రంధ్రాన్ని గుండ్రంగా, మిగిలినవాటిని కోలగా ఉంచుతారు. పలక జారుటకు వీలులేకుండా అన్ని చోట్లా గట్టిగా బిగిస్తే ఆ ఒత్తిడి అంతా బలహీనమైన మూలలలో చేరి పగులుగా బయటపడుతుంది.

ఈ విషయంలో బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాలో 2002 నుండి 2005 వరకు మోడళ్ళుగా వెలువడిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్. వెనుక అద్దం దిగువన అడ్డంగా ఉండే ప్లాస్టిక్ పలక పగులుతున్నదని ఆ వాహనాల యజమానులు ఫిర్యాదు చేశారు. దీనిపై న్యాయస్థానంలో వ్యాజ్యం కూడా నడిచింది. ఆ మోడళ్ళకు సరిపడు పలకలను ఇతర విడిభాగాల తయారీదారులు కూడా విక్రయించారు.

తొలగింపు

క్రొత్త భాగాన్ని వాహనపు ఛాసిస్ సంఖ్య ఆధారంగా ఎంచుకొనుట మేలు. ఒకే మోడల్‌లో కెమెరా ఉన్న రకానికి, లేని రకానికి పలకలు వేరుగా ఉంటాయి. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాదు రాణిగంజ్ వంటి విడిభాగాల బజారులలో కొనేవారు పాత పలకను వెంట తీసుకొని వెళ్ళి క్లిప్పుల స్థానాలను పోల్చి చూచుట ఉత్తమం. రంగు వేయని పలకకు బిగింపునకు ముందే రంగు వేయించవలెను. పాలీప్రొపిలీన్ పలక అయినచో రంగు నిలుచుటకు ప్రత్యేక ప్రైమర్ అవసరం.

పని మొదట బ్యాటరీ ఋణ ధ్రువపు తీగను విప్పవలెను. విద్యుత్తుతో కదిలే తలుపు అయినచో, దానిని పూర్తిగా తెరిచిన తరువాతనే విప్పుట సౌకర్యం. డిక్కీ షాకర్లు పాతబడి ఉంటే తలుపుకు గట్టి ఊతకర్ర పెట్టక లోపల తల దూర్చరాదు. తరువాత లోపలి అస్తరు పలకను ప్లాస్టిక్ పట్టుకోలతో ఊడదీస్తే వెలుపలి ట్రిమ్ నట్లు, దీపాల తీగల కనెక్టర్లు కనబడతాయి. ఇవి ఎక్కువగా 8 లేదా 10 మిల్లీమీటర్ల పానాకు సరిపోతాయి. కనెక్టర్లను విప్పకుండా పలకను లాగుట వలన కెమెరా తీగ తెగుట తరచు జరిగే నష్టం.

టేపుతో అంటించిన భాగాన్ని హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబరచి, చేపల గాలపు దారాన్ని రంపంవలె ఆడించి కోయవచ్చును. స్క్రూ డ్రైవరుతో ఎత్తినచో రంగు గీసుకొనిపోయి, అచ్చట తుప్పు మొదలగును. చిహ్నాలను తీసే ముందు వాటి స్థానాన్ని కాగితపు టేపుతో గుర్తించి కొలతలు వ్రాసుకొనవలెను.

రంధ్రాల మూసివేత

ఈ పనిలో మిక్కిలి ముఖ్యమైనదీ, మిక్కిలి నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. పాత పలక ఊడిన తరువాత తలుపు రేకులో క్లిప్పుల, మరమేకుల, తీగల రంధ్రాలు బయటపడతాయి. ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ గాని, ఫోమ్ వాషరు గాని, సీలెంటు గాని ఉండి తీరవలెను. పాత క్లిప్పుల ఫోమ్ చదునుగా అణగిపోయి ఉంటుంది కనుక వాటిని మరల వాడరాదు. రంధ్రపు అంచున తుప్పు కనిపిస్తే గీకి, ప్రైమర్, రంగు వేసి ఆరిన పిదపనే ముందుకు సాగవలెను. తలుపు అడుగున నీరు పోవుటకు ఉంచిన రంధ్రాలను మాత్రం మూయరాదు.

నిలువైన వెనుకభాగం గల వాహనం వేగంగా పోవునపుడు దాని వెనుక గాలి పీడనం తగ్గి, పొగగొట్టపు వాయువులు అచ్చటనే సుడి తిరుగుతాయి. తలుపులో సందు ఉన్నచో అవి లోనికి చేరగలవు. 2011-2017 మోడళ్ళ ఎక్స్‌ప్లోరర్ వాహనాలలో పొగ వాసన వస్తున్నదన్న ఫిర్యాదులపై అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2016లో విచారణ చేపట్టింది. 2017 జూలైలో టెక్సస్ రాష్ట్రపు ఆస్టిన్ నగర పోలీసు శాఖ దాదాపు 400 ఎక్స్‌ప్లోరర్లను వాడకం నుండి తప్పించింది. పోలీసు దీపాలు, ఇతర పరికరాలు అమర్చుటకు వెనుకభాగంలో చేసిన రంధ్రాలను కొన్ని వాహనాలలో మూయలేదని ఫోర్డ్ ప్రకటించింది. ఆ సంవత్సరం సంస్థ ప్రకటించిన ఉచిత సేవలో లిఫ్ట్‌గేట్ నీటి కవాటాల మార్పు, వెనుకభాగపు సీలింగు తనిఖీ చేరి ఉన్నాయి. విచారణ 2023 జనవరిలో ముగిసింది. భద్రతా లోపమేదీ లేదని తేల్చిన ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, అధిక కార్బన్ మోనాక్సైడు కొలతలు వచ్చిన వాహనాలు ఇటువంటి సీలింగు లోపాలు గలవో, పూర్వం వెనుకవైపు ప్రమాదానికి గురైనవో అయి ఉన్నాయని గుర్తించింది. వెనుక ఢీకొన్న బండికి టింకరింగ్ చేయించి క్రొత్త గార్నిష్ వేయించిన యజమాని, ఆ గార్నిష్ వెనుక ఏమున్నదో అడిగి తెలుసుకొనుటకు ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

క్రొత్త భాగం అమరిక

ముందుగా టేపు కాగితం తీయకుండానే పలకను పెట్టి చూచి, రెండు ప్రక్కల సందులు సమానంగా ఉన్నవీ లేనిదీ పరిశీలించవలెను. పాత టేపు జిగురును పూర్తిగా తొలగించి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నీరు సమపాళ్ళలో కలిపిన ద్రావణంతో తుడవవలెను. మైనం పాలిష్ పూసిన రేకుపై టేపు నిలువదు. రేకు ఉష్ణోగ్రత 21 నుండి 38 డిగ్రీల మధ్య ఉండుట అనుకూలం. మే నెల ఎండలో నిలిచిన నల్లని బండి రేకు దీనిని సులభంగా దాటిపోతుంది కనుక నీడలో పని చేయుట మంచిది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఈ టేపు 20 నిమిషాలలో సుమారు సగం, 24 గంటలలో 90 శాతం, 72 గంటలలో పూర్తి పట్టును పొందుతుంది. ఆ మూడు రోజులు అధిక పీడనపు నీటితో వాహనాన్ని కడుగరాదు.

టేపు లేదా జిగురు తయారీదారు ప్రైమర్ సూచించిన చోట దానిని మానరాదు. 2020లో టెస్లా సంస్థ 9,136 మోడల్ ఎక్స్ వాహనాలను వెనుకకు పిలిపించుటకు కారణం, 2016 నాటి ఆ వాహనాలలో పైకప్పు అలంకార పలకలు ప్రైమర్ లేకుండా అంటించబడి ఊడిపోగల స్థితిలో ఉండుట. నడుస్తున్న బండి నుండి ఊడిన పలక వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారునికి ప్రాణాపాయం కాగలదు.

ప్లాస్టిక్‌లో దిగిన మరమేకులకు నట్లను చేతితో బిగించి, ఆపై పానాతో స్వల్పంగా తిప్పిన చాలును. లోపలి అస్తరు పలక తిరిగి వేయుటకు ముందే వెలుపల గొట్టంతో నెమ్మదిగా నీరు పారించి, లోపల తడి చేరుతున్నదేమో ఒకరు టార్చిలైటుతో చూడవలెను.

భారతదేశంలో నంబరు ప్లేటు

2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు తప్పనిసరి. వెనుక ప్లేటును పట్టి ఉంచే స్నాప్ లాకును ఒకసారి విరిచినచో మరల వాడుటకు వీలుపడదు. కనుక ప్లేటును తీయక తప్పని మోడళ్ళలో గార్నిష్ మార్పిడిని అధీకృత డీలరు వద్ద చేయించుట సుకరం. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి ప్రకారం వెనుక నంబరు 15 మీటర్ల దూరం నుండి చదువగలిగేటట్లు తెల్లని దీపం వెలుగవలెను. పని ముగిసిన తరువాత బ్యాటరీ తీగను కలిపి, చీకటిపడిన పిదప ఈ దీపాన్ని, కెమెరా చూపును పరీక్షించవలెను.