సూక్ష్మఫిల్ము – దాని ఆయుర్దాయము

1870వ సంవత్సరము సెప్టెంబరులో ప్రష్యా సేనలు పారిస్ నగరమును ముట్టడించినవి. ఉత్తరములు లోనికి వచ్చు దారులన్నియు మూసికొనిపోయినవి. నవంబరులో రెనె డాగ్రన్ అను ఛాయాగ్రాహకుడు బెలూనులో నగరము దాటి, టూర్ పట్టణము చేరి, వేలకొలది సందేశములను కొలోడియన్ పొరలపై కంటికి ఆనని పరిమాణమునకు కుదించి చిత్రించెను. ఆ పొరలను ఈక గొట్టములో చుట్టి, పావురము తోకకు కట్టి పంపెడివారు. పారిసులో వానిని దీపయంత్రముతో తెరపై పెద్దవి చేయగా, గుమాస్తాలు నకళ్లు వ్రాసికొనెడివారు. 1839లోనే జాన్ బెంజమిన్ డాన్సర్ ఇట్టి చిత్రములు తీసియుండెను గాని, వాని ప్రయోజనమును లోకము గ్రహించినది ఈ పావురముల వలననే.

పావురము మోసిన సందేశము నాలుగు రోజులు నిలిచిన చాలును. గ్రంథాలయము దాచదలచిన పత్రిక నూరేండ్లు నిలువవలెను. చిక్కంతయు ఇక్కడనే వచ్చినది.

తొలినాటి సెల్యులోజ్ నైట్రేటు ఫిల్ము అంటుకొన్నచో నీట ముంచినను ఆరదు. దాని స్థానమున వచ్చిన ఎసిటేటును ‘సేఫ్టీ ఫిల్ము’ అనిరి. నిప్పు భయము తీరినది గాని, దీనికి వేరొక తెగులున్నది. 1948లో ట్రైఎసిటేటు ఫిల్ము వెలువడిన పదేండ్లలోపుననే, అది చెడిపోవుచున్నదని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థకు మొట్టమొదట తెలిపినది మన భారత ప్రభుత్వమే. మన వేడియు, మన తేమయు ఆ గుట్టును బయటపెట్టినవి.

వేడి, తేమ కలిసినప్పుడు ఎసిటేటు నుండి ఎసిటిక్ ఆమ్లము విడివడును. సిర్కా వాసన అదియే. ఆ ఆమ్లము తాను పుట్టిన ఫిల్మునే మరింత వేగముగా విరుగగొట్టును. పాలలో తోడు చుక్క పడినట్లే, పులుపు పులుపును పెంచును. మూత బిగించి పెట్టుట క్షేమమని తలంతుము గదా! ఇక్కడ ఆవిరి లోననే నిలిచి హాని హెచ్చును. ప్రక్క చుట్టలకును సోకును. తుదకు ఫిల్ము కుంచించుకొని, పెళుసై, జెలటిన్ పొర ముడుతలు పడును.

కొన్నేండ్ల క్రిందట, ఒక ప్రసంగమునకై పాత తెలుగు వారపత్రిక చూడగోరి నేనొక గ్రంథాలయమునకు పోతిని. డబ్బా తెరచుటతోనే ముక్కుపుటములు అదరినవి. యంత్రమునకు ఎక్కింపబోగా ఫిల్ము నా వ్రేళ్ల మధ్యనే పుటుక్కున విరిగినది. అసలు సంచికలేవి అని అడిగితిని. చోటు చాలక, ఫిల్ము తీసిన వెంటనే తూకమునకు అమ్మివేసిరట!

21 డిగ్రీల సెంటీగ్రేడు వేడి, నూటికి 50 వంతుల తేమ గల గదిలో క్రొత్త ఎసిటేటు ఫిల్ము సుమారు 40 ఏండ్లకు పులియనారంభించునని అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూటు అంచనా. మన కోస్తా వేసవిలో పంకా క్రింద నుంచిన దాని గతి ఊహించుకొనవచ్చును. పాలియెస్టరు ఫిల్ముకు ఈ పులుపు రోగము లేదు. చక్కగా కడిగి, చల్లగా, పొడిగా ఉంచినచో 500 ఏండ్లు నిలుచునని లెక్క. కడుగుడు చాలక హైపో మిగిలినచో మాత్రము వెండి బొమ్మ పాలిపోవును. నాసిరకపు అట్టపెట్టెల నుండి వెలువడు ఆవిరులు సైతము ఎర్రని చుక్కలు పుట్టించును.

జర్మనీలో ఫ్రైబర్గు చేరువనున్న ఓబర్‌రీడ్ వద్ద, ఒక పాత గని సొరంగమున 1975 నుండి దేశపు దస్తావేజుల ఫిల్ములను తుప్పుపట్టని ఉక్కు పీపాలలో బిగించి దాచుచున్నారు. అంత ఏర్పాటు మనకెల్లరకు సాధ్యము కాదు. మూల నెగటివును వేరొక చోట చల్లని గదిలో నుంచి, చదువరుల చేతికి ప్రతిని మాత్రమే ఇచ్చుట సాధ్యమే. నా వ్రేళ్ల మధ్య విరిగినది మూలమో, ప్రతియో అక్కడివారికే తెలియలేదు.