బంతి ఒక్కటే సరిపోదు: రహీం సార్ చెప్పిన పాఠం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఏదైనా సర్కారు బడికి ఒక దాత స్పోర్ట్స్ కిట్టు ఇచ్చారనుకోండి. ఫొటో దిగుతారు, చప్పట్లు కొడతారు. మరి తెల్లారి ఆ కిట్టు గ్రౌండ్‌లోకి వస్తదా, బీరువాలోకి పోతదా? దీనికి జవాబు మన చరిత్రలోనే ఉంది. ఈ ఎపిసోడ్‌లో అదే చెప్తాను.

ఈ మూడు ఊళ్లూ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. ఆ రాష్ట్ర రాజధానిలో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడి పంతులు ఉండేవారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాలో అజయ్ దేవ్‌గణ్ వేసింది ఆయన పాత్రే. సినిమాలో మనం కోచ్‌ను చూశాం. నేను ఆయనలోని టీచర్ గురించి మాట్లాడతాను. కాచిగూడ మిడిల్ స్కూల్ లాంటి చోట్ల పాఠాలు చెప్పిన రహీం, తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేశారు. అంటే ఆయన కూడా ముందు ట్రైనింగ్ తీసుకున్న సారే.

ముందు సామాను సంగతి చూద్దాం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ ఆటగాళ్లు చాలామంది ఉత్త కాళ్లతోనే దిగారు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. అప్పుడు కోచ్ రహీమే. గురువు ఎంత గొప్పవాడైనా, చలిలో బూట్లు లేని కాలు ఎంతవరకు ఆడుతుంది? ఆ తర్వాతే మన దగ్గర బూట్లు తప్పనిసరి చేశారు. 1956 మెల్‌బోర్న్‌లో మన జట్టు సెమీఫైనల్‌కు చేరి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

మరి బూట్లతోనే అంతా అయిపోయిందా? లేదు. రహీం డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టారు. బంతి వచ్చిందా, పాస్ ఇవ్వాల్సిందే. కుడికాలి వాటం ఉన్నోళ్లను ఎడమకాలితోనే ఆడించారు. వీటికి కొత్త సామాను ఏం కావాలి? ఉన్న బంతితోనే, రూల్ ఒక్కటి మార్చారంతే. ఆ ఆలోచన రావడానికే టీచర్‌కు ట్రైనింగ్ కావాలి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీస్‌కు రావడానికి సైకిల్ కిరాయి పైసలు కూడా రహీమే ఇచ్చారని చెబుతారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో గోల్డ్ గెలిచిన జట్టులో ఆ బలరాం ఉన్నారు.

ఇక ఈరోజుకు వద్దాం. 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలుంటే పార్ట్‌టైమ్ వ్యాయామ టీచర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్తది. ఆట సామానుకు సమగ్ర శిక్ష కింద ప్రైమరీ బడికి ఏటా 5,000, అప్పర్ ప్రైమరీకి 10,000, హైస్కూల్‌కు 25,000 రూపాయల దాకా ఇవ్వొచ్చు. కానీ పిల్లలు తక్కువున్న చిన్న బడికి పీఈటీ సార్ ఎక్కడి నుంచి వస్తారు? అక్కడ తెలుగు టీచరో, లెక్కల సారో నాలుగు ఆటలు నేర్పడం నేర్చుకోవాలి.

అందుకే మీ ఊరి బడికి కిట్టు ఇద్దామనుకుంటే రెండు విషయాలు ముందే అడగండి. బీరువా తాళం ఎవరి దగ్గరుంటది? ట్రైనింగ్‌కు ఏ టీచర్‌ను పంపుతారు? ఈ రెండింటికీ జవాబు దొరికాకే బంతులు కొనండి. ఒక పంపు కూడా కొనండి, గాలి పోయిన బంతితో రహీం సార్ కూడా ఆడించలేరు.